ముందు సీటు లేని బండి

పాత కారు చూసిపెట్టమని ఎవరైనా పిలిస్తే నేను మొట్టమొదట చేసే పని, బానెట్ మీద అరచేయి పెట్టడం. తాళం అడగను, రంగు చూడను, మీటర్ వైపు కన్నెత్తను. బానెట్ వెచ్చగా తగిలిందంటే నేను వచ్చేలోపే అమ్మేవాడు ఇంజన్ నడిపి ఉంచాడన్నమాట. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ ఇంజన్ లేవడానికి ఎంత మారాం చేస్తుందో నాకు తెలియకూడదని అతని తాపత్రయం. నేను గొడవపడేవాణ్ణి కాదు. "జర చాయ్ తాగొస్త అన్నా" అని చెప్పి బయటపడి, మర్నాడు తెల్లవారగానే చెప్పాపెట్టకుండా వెళ్ళి గేటు కొట్టేవాణ్ణి.

నా పేరు మల్లేశ్. నారాయణగూడలో ఒక సందు చివర మా రేకుల షెడ్డు ఉండేది. రిపేర్లు చేసేవాణ్ణి గానీ, జనం నన్ను పిలిచింది ఎక్కువగా ఒక్క మాట కోసం: ఈ బండి కొనొచ్చా, వద్దా? ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాట చెప్పి బతికాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు బండికి వైరు తగిలించి తెర మీద చూసి చెబుతున్నారు. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. కాకపోతే ఆ తెర మీద కనిపించని సంగతి ఒకటుంది. అది నేను నేర్చుకునేసరికి నా వయసు నలభై దాటింది. నేర్పిన మనిషికి అప్పటికి కారు తలుపు తీయడం కూడా రాదు. ఆ కథ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఉస్తాద్ మాట

నాకు పని నేర్పింది జహంగీర్ ఉస్తాద్. మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. స్పానర్ తప్పు సైజుది అందిస్తే దాన్ని మళ్ళీ మన కాళ్ళ మీదికే విసిరేవాడు. కానీ బండి కింద పడుకుని చెవి ఒగ్గి విన్నాడంటే అది ఎన్ని చేతులు మారిందో, ఎవడు ఎట్లా నడిపాడో చదివినట్టు చెప్పేవాడు. అటువంటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఆయన దగ్గరున్నన్నాళ్ళూ మాకు వచ్చిన బండ్లు దాదాపు అన్నీ ఒకటే రకం. ఇంజన్ ముందు ఉంటుంది, దాని బలం బండి కింద పొడుగాటి షాఫ్టు గుండా వెనకకు పోయి వెనక చక్రాలను తిప్పుతుంది. బండిని వెనకనుంచి తోసినట్టు. తర్వాత చిన్న కార్లు వచ్చాయి. వాటిలో ఇంజన్ ముందే, అది తిప్పే చక్రాలూ ముందువే. షాఫ్టు లేదు, కింద బరువు లేదు. ఇది ముందునుంచి గుంజుకుపోయే బండి. ఉస్తాద్ మొదటిసారి ఆ చిన్న కారు కింద పడుకుని లేచి, "కడుపు ఖాళీ ఉన్నది దీనికి" అన్నాడు. వారం తిరగకుండా దాని కిటుకులన్నీ నేర్చేసుకున్నాడు. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపిస్తే, ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడు వచ్చిందా, జాయింట్లు అరిగినట్టు. అది ఆయన మాకు చెప్పిందే.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఖాళీ బండి నడిపి తీర్పు చెప్పనిచ్చేవాడు కాదు.

"సునో మల్లేశ్, ఖాళీగ ఉన్నప్పుడు ఏ బండైనా మంచిగనే ఉంటది. కొనేటోని సామాను ఎక్కియ్యి. ఆయన రోజూ పోయే తొవ్వల నడుపు. అప్పుడు నోరు తెరువు" అనేవాడు.

ఉస్తాద్ చూపు మందగించి ఇంటిపట్టున ఉండిపోయాక షెడ్డు నా చేతికి వచ్చింది. నేను ఆ నియమాన్ని మెల్లగా వదిలేశాను. రోజుకు రెండు మూడు బండ్లు చూడాల్సి వచ్చేది, సామాను ఎక్కించి దింపే ఓపిక ఎవరికుంది? హిమాయత్‌నగర్ రోడ్డు మీద అటొకసారి ఇటొకసారి తిప్పి, నాలుగు చప్పుళ్ళు విని చెప్పేసేవాణ్ణి. చాలాసార్లు చెప్పింది నిజమే అయ్యేది. దాంతో నా తల కొంచెం పెద్దదైంది.

రెండు బండ్లు

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, చిక్కడ్‌పల్లి నుంచి సులోచనమ్మ వచ్చింది. వాళ్ళది ఆ గల్లీలో తాతల కాలం నుంచి ఉన్న కుటుంబం. భర్త పోయాక ఇంటి వెనక పెరట్లో పెద్ద పొయ్యిలు పెట్టి, ఆఫీసులకూ హాస్టళ్ళకూ వంట చేసి పంపేది. అశోక్‌నగర్ పక్కన బస్తీలో ఉండే ఆరుగురు ఆడవాళ్ళు ఆమె దగ్గర పనిచేసేవాళ్ళు. అందరూ మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళే. అంతకుముందు బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసిన చేతులు.

ఆమెకు వచ్చిన పెద్ద పని ఒక ఆడపిల్లల హాస్టల్‌ది. ఊరవతల గుట్ట మీద ఉండేది. రోజూ మధ్యాహ్నం పన్నెండు లోపల వేడివేడిగా భోజనం చేరాలి. కిరాయి ఆటో ట్రాలీలో పంపేది. ఆ ట్రాలీవాడు ఒకరోజు రాలేదు, ఇంకోరోజు గుట్ట కింద గేటు దగ్గరే దింపేసి పోయాడు. పిల్లలు రెండుసార్లు ఆకలితో క్లాసులకు వెళ్ళారు. వార్డెన్ పిలిచి, సోమవారం నుంచి ఒక నెల చూస్తాం, ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకొకరిని పెట్టుకుంటామని చెప్పేసింది. ఆ పని పోతే ఆరుగురిలో నలుగుర్ని ఆమె మాన్పించాల్సిందే.

"అన్నా, రెండు బండ్లు చూసిన. రెంటిదీ ఒక్కటే ధర. ఏది తీస్కోవాల్నో చెప్పు. శనివారం లోపల చెప్పాలె" అంది. ఆరోజు బుధవారం.

ఒకటి విద్యానగర్‌లో రిటైరైన లెక్చరర్‌గారి అంబాసిడర్. రెండోది హిమాయత్‌నగర్‌లో బట్టల వ్యాపారిది, అందరూ ఎయిట్ హండ్రెడ్ అని పిలిచే చిన్న కారు. లెక్చరర్‌గారి బానెట్ చల్లగా ఉంది. ఆయన ఎంత నిజాయితీపరుడంటే, నేను అడగకముందే వర్షంలో కుడి తలుపు కారుతుందని చెప్పాడు. బట్టలాయన బానెట్ చేయి కాలేలా ఉంది. మర్నాడు పొద్దున వెళ్ళి గేటు కొడితే ఆయన లుంగీలో బయటికొచ్చి నన్ను కొరకొర చూశాడు. ఇంజన్ మాత్రం రెండో తిప్పుకే లేచింది. అనవసరంగా భయపడ్డాడు పాపం. గుండ్రంగా తిప్పి చూశాను, చప్పుడు లేదు. రెండూ మంచి బండ్లే. నా పనిలో అట్లాంటి రోజులు తక్కువ.

గురువారం సాయంత్రం చిక్కడ్‌పల్లి వెళ్ళి తీర్పు చెప్పేశాను.

"అంబాసిడర్ తీస్కోండమ్మా. బరువు మోసేది అదే. వెనక ఎంత పెడితే వెనక చక్రాలు అంత గట్టిగ పట్టుకుంటయి. చిన్న బండి మీ పనికి రాదు."

ఆమె ముఖం చిన్నబోయింది. "గది నేను నడపలేనన్నా" అంది.

"మీరెందుకు నడుపుతరు? డ్రైవర్‌ని పెట్టుకోండ్రి."

"ట్రాలీవాడు రాని నాడే గద అన్నా నా గతి గిట్లయింది? మల్ల ఇంకొకని కోసం గేటు కాడ ఎదురుచూడాల్నా? నేను నేర్చుకున్న. లైసెన్సు కూడా వచ్చింది. డ్రైవింగ్ స్కూల్ల నేర్పింది చిన్న బండి మీదనే."

ఆడవాళ్ళు నడుపుతారన్న ఆలోచనే నాకు రాలేదు. ఇది దాచిపెట్టుకునే తప్పు కాదు కాబట్టి రాస్తున్నాను. రెండు రోజులు రెండు బండ్ల చుట్టూ తిరిగాను, కింద పడుకున్నాను, వాసన చూశాను. నడిపేది ఎవరని మాత్రం అడగలేదు. ఆ సాయంత్రం కూడా సిగ్గుపడకుండా వాదించాను. చిన్న బండి ఆ గుట్ట ఎక్కదని గట్టిగా చెప్పాను.

ఆమె మాత్రం, "ఎక్కదని నువ్వు చూసినవా?" అని అడిగింది.

చూడలేదు. ఉస్తాద్ పక్కన ఉండి ఉంటే స్పానర్ నా కాళ్ళ మీద పడేది.

నీళ్ళు నింపిన గంజులు

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు యజమానులనూ బతిమాలి రెండు బండ్లూ తెప్పించాను. సామాను ఎట్లా అని నేను తల గోక్కుంటుంటే సులోచనమ్మే ఉపాయం చెప్పింది. రోజూ అన్నం, పప్పుచారు, కూర పంపే పెద్ద అల్యూమినియం గంజులను తెప్పించి అంచుల దాకా నీళ్ళు నింపించింది. మూతలు పెట్టి గుడ్డలతో కట్టించింది. ఎక్కించడానికి ఆ ఆరుగురిలో బిచ్చమ్మ అనే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, సన్నగా ఉంటుంది. నేనూ లెక్చరర్‌గారూ ఇద్దరం పట్టుకుని లేపిన గంజును ఆమె ఒక్కతే చంకన పెట్టుకుని తెచ్చింది. లెక్చరర్‌గారు మళ్ళీ ఏ గంజునూ ముట్టుకోలేదు.

అందరం గంజులతో హాస్టల్‌కు బయల్దేరాం. గుట్ట రోడ్డు బాగానే ఉంది. చిక్కంతా హాస్టల్ గేటు దాటాక వచ్చింది. అక్కడినుంచి వంటగది దాకా నిటారు ఎక్కుడు. పైగా అంతా షాబాద్ బండలు పరిచారు. పైన ఎక్కడో నల్లా కారుతోంది, ఆ నీళ్ళు బండల మీదుగా ఎప్పుడూ జారుతూనే ఉంటాయి. నున్నటి రాయి, తడి, ఎక్కుడు. ట్రాలీవాడు గేటు దగ్గరే ఎందుకు దింపేశాడో అప్పుడు అర్థమైంది.

ముందు అంబాసిడర్ ఎక్కించాను. డిక్కీలో రెండు గంజులు, వెనక సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట ఒకటి. మొదటి గేరులో పెట్టి మెల్లగా వదిలితే ఎక్కడా తడబడకుండా వంటగది మెట్ల దాకా పోయి నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ బండి మీద నాకు ప్రేమ పుట్టింది.

తర్వాత చిన్న బండి. వెనక సీటు మడిచి గంజులు మూడూ వెనకే పెట్టాము. సగం ఎక్కుడు దాకా వచ్చింది. ఆపైన ముందు చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలైంది. రబ్బరు వాసన వచ్చింది. బండి అంగుళం కూడా కదల్లేదు. బ్రేకు నొక్కితే కొంచెం వెనక్కి కూడా జారింది. గేటు దాకా మెల్లగా దింపుకొచ్చి, తలుపు తీసి, "చూసిన్రా?" అన్నాను. నా గొంతులో సంతోషం ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నాకే చిరాకేస్తుంది.

సులోచనమ్మ అంబాసిడర్ తాళం అడిగి తీసుకుంది. తనే నడిపి చూస్తానంది. ఆమె పొట్టి మనిషి, సీటు అంచున కూర్చుంటే గానీ క్లచ్ అందలేదు. గేటు మలుపులో ఆ పెద్ద స్టీరింగ్‌ను రెండు చేతులతో లాగి లాగి ఒకసారి గోడకు జానెడు దూరంలో ఆపింది. రెండోసారి ఎక్కుడు మధ్యలో ఇంజన్ ఆగిపోయి బండి వెనక్కి జారింది. నేను పరిగెత్తి వెళ్ళి హ్యాండ్ బ్రేకు లాగాను. ఆమె దిగి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఒక రాయి మీద కూర్చుంది.

మోసే బండిని ఆమె నడపలేదు. ఆమె నడిపే బండి మోయలేదు. సోమవారానికి మధ్యలో రెండే రోజులున్నాయి.

నాకు తెలిసిన కిటుకు ఒకటి మిగిలింది. చిన్న బండిని తిప్పి రివర్సులో ఎక్కించాను. ఎక్కింది! లాగే చక్రాలు ఎక్కుడుకు కింది వైపున ఉంటే బరువు వాటి మీదకు వస్తుంది మరి. మళ్ళీ గేటు దాకా దింపుకొచ్చి గర్వంగా దిగాను.

"రోజూ మెడ ఎనుకకు తిప్పి ఎక్కాల్నా అన్నా? పిల్లలు ఆడ తిరుగుతుంటరు. నాతోని కాదు" అంది సులోచనమ్మ. ఆమె అన్నది సబబే.

బిచ్చమ్మ

ఇంతసేపూ బిచ్చమ్మ గేటు పక్కన నిలబడి చూస్తోంది. ఇప్పుడు దగ్గరికొచ్చి, "ఓ మేస్త్రీ" అని పిలిచింది. పని తెలిసిన మగవాడు ఎవరైనా ఆమెకు మేస్త్రీయే.

"గీ బండిని గుంజేది ముందటి చక్రాలేనా?"

"అవునమ్మా. నువ్వు జర ఆగు" అన్నాను విసుగ్గా.

ఆమె ఆగలేదు. "మరి బరువంతా ఎనుక పెడ్తిరి గద. ఎనుక బరువైతే ముందర తేలుతది. మేము ఇసుక బండి తోసేటప్పుడు గట్లనే. ఎనుక నింపితే ముందరిది లేస్తది. గంజులు ముందల పెట్టరాదు?"

"ముందల యాడ పెడ్తవు? సీటు ఉన్నది" అన్నాను.

బిచ్చమ్మ తలుపులోంచి లోపలికి తొంగిచూసింది. డ్రైవర్ పక్క సీటును చేత్తో ఒకసారి ఊపి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, పసిపిల్లలకు చెప్పినంత ఓపికగా, "తీసెయ్యి" అంది.

రివర్సులో ఎక్కించినప్పుడు నా కళ్ళ ముందు జరిగింది కూడా ఇదే. బరువు ముందు చక్రాల మీదకు వచ్చింది, బండి ఎక్కింది. దాన్ని నేను కిటుకు అనుకుని ఊరుకున్నాను. ఆమె అందులోంచి సంగతి పట్టుకుంది. ఇరవై ఏళ్ళు పనిచేసిన నాకు అది తట్టలేదు. సంచిలోంచి స్పానర్ తీశాను. నాలుగు బోల్టులు. బట్టలాయన "అరే అరే, ఏం చేస్తున్నవ్?" అని అడ్డం వచ్చాడు. మళ్ళీ బిగిస్తానని చెప్పి సీటు లేపి గడ్డిలో పెట్టాను. ఆ ఖాళీలో ఒక చెక్క పలక వేసి, అన్నిటికంటే బరువైన అన్నం గంజును బిచ్చమ్మ ఎత్తి పెట్టింది. రెండోదాన్ని డ్రైవర్ వెనక, కాళ్ళు పెట్టుకునే చోట దించింది. డిక్కీలో కూర గంజు ఒక్కటే మిగిలింది.

గంజు దొర్లుతుందేమోనని సులోచనమ్మ భయపడింది. ఆ బండిలో ముందు సీట్లకు బెల్టులు ఉండేవి. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరూ వాటిని ముట్టుకునేవారు కాదు. బిచ్చమ్మ ఆ పట్టీని లాగి, గంజు నడుము చుట్టూ తిప్పి, అది ఎక్కడ గుచ్చాలో నన్నడిగి, టక్కున పెట్టింది.

సులోచనమ్మ స్టీరింగ్ ముందు కూర్చుంది. మేమంతా పక్కకు జరిగాం. సగం ఎక్కుడు దగ్గర చక్రం ఒక్కసారి జారి చప్పుడైంది. మళ్ళీ పట్టుకుంది. చిన్న బండి మెల్లగా, గునుస్తూ, తడి బండల మీదుగా వంటగది మెట్ల దాకా పోయి ఆగింది. పైన హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆమె ఆపకుండా కొడుతూనే ఉంది. హాస్టల్ పిల్లలు కిటికీల్లోకి వచ్చారు. బిచ్చమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

నా తీర్పు మార్చుకున్నాను. బండ్ల సంగతిలో నేను చెప్పింది తప్పు కాదు, అంబాసిడరే బరువు మోసే బండి. కానీ ఆ తీర్పు ప్రకారం కొని ఉంటే సోమవారం భోజనం గేటు దగ్గరే ఆగిపోయేది. శనివారం సులోచనమ్మ చిన్న బండే కొంది. ఆ రోజే ఉస్తాద్ ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని, తిట్టలేదు. "గామె పేరేంది?" అని మాత్రం అడిగాడు. చెబితే రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

సోమవారం పన్నెండుకు పావుగంట ముందే భోజనం చేరింది. నెల గడిచింది. హాస్టల్ పని నిలిచింది, ఆరుగురూ నిలిచారు.

సీటు

విప్పిన సీటును మా షెడ్డులోనే ఉంచమంది సులోచనమ్మ. నేను దాన్ని గోడవారగా రెండు ఇటుకల మీద నిలబెట్టాను. బండి చూసిపెట్టమని వచ్చిన వాళ్ళందరినీ అందులోనే కూర్చోబెట్టి, ముందు మూడు సంగతులు అడిగేవాణ్ణి. ఎవరు నడుపుతారు? ఏం మోస్తారు? ఏ దారిన పోతారు? తర్వాతే చేయి బానెట్ మీదికి పోయేది. కొందరికి చిరాకేసేది. అంబర్‌పేట్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టర్ "బండి చూస్తవా, పెళ్ళిచూపులు చూస్తవా?" అన్నాడు. రెండోదే అనుకోమన్నాను.

ఎయిట్ హండ్రెడ్ సర్వీసుకు వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. ముందు టైర్లు ముందే అరిగేవి. చెక్క పలక మీద గంజు అడుగు గుండ్రంగా ముద్ర పడిపోయింది. మూడో ఏడో, నాలుగో ఏడో, ఒక పొద్దున బండి షెడ్డు ముందు ఆగితే సులోచనమ్మే అనుకుని వెళ్ళాను. స్టీరింగ్ వెనక బిచ్చమ్మ ఉంది.

"ఏం మేస్త్రీ, గట్ల చూస్తవు? అమ్మ నేర్పింది. సంతకం నేర్చుకున్న, లైసెన్సు తెచ్చుకున్న. ముందటి టైర్లు అరిగినయి, ఎనుకవి ముందరికి మార్చు" అంది. టైర్లు అటివి ఇటు మార్చాలని ఆమెకు ఎవరు చెప్పారని నేను అడగలేదు. నాకు తెలుసు, ఎవరూ చెప్పి ఉండరు. చూసి ఉంటుంది.

తొంభైల చివర్లో సులోచనమ్మ వంటల వ్యాపారం పెరిగి గంజులకు వేరే వ్యాన్ వచ్చింది. ఒకరోజు ఇద్దరూ ఆ చిన్న బండిలోనే వచ్చారు. సులోచనమ్మ మోకాళ్ళ నొప్పులని వెనక కూర్చుని ఉంది. కారు దిగి, గోడవారన ఉన్న సీటును చూపించింది.

"గది మల్ల బిగించన్నా. గంజులు వ్యాన్‌ల పోతున్నయి. ఇగ బండి బిచ్చమ్మనే నడుపుతది. నేను పక్కన కూసుంట."

సీటు మీద ఏళ్ళ మురికి, ఎందరో కొనుగోలుదార్లు కూర్చుని పోయిన గుంట. గుడ్డతో తుడిచాను. చెక్క పలక తీసేశాను. బోల్టుల కన్నాల్లో గట్టిపడిన గంజిని సూదితో తీయాల్సి వచ్చింది. నాలుగు బోల్టులూ బిగించి, ఊపి చూసి, రమ్మన్నాను. సులోచనమ్మ మెల్లగా కూర్చుని, ముందు అద్దంలోంచి రోడ్డును ఆ వైపునుంచి చూడడం కొత్తగా ఉన్నట్టు అటూ ఇటూ చూసింది.

బిచ్చమ్మ తాళం తిప్పబోయి ఆగింది. పక్కకు వంగి, పట్టీ లాగి, సులోచనమ్మ నడుము చుట్టూ తిప్పి టక్కున పెట్టింది.

"ఏందే ఇది, నాకెందుకు?" అంది సులోచనమ్మ.

"ఊకో అమ్మా. గిన్నేండ్లు అన్నం గంజుకు పెట్టిన, నీకు పెట్టకుంటనా?"

బండి సందు దాటి రోడ్డెక్కేదాకా నిలబడి చూశాను. ఆ మధ్యాహ్నం ఒకాయన పాత జీపు చూసిపెట్టమని వచ్చాడు. కూర్చోబెట్టడానికి సీటు లేదు, నిలబెట్టే అడిగాను, నడిపేది ఎవరని.